మందు చేరని చోటు: మెదడు శస్త్రచికిత్సయు, మెనింజైటిసును

కృష్ణా డెల్టా రైతునకు ఒక సంగతిని ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. విజయవాడవద్ద నది నిండుగా నున్నంత మాత్రమున శివారు పొలము తడియదు. ప్రధాన కాలువ, దానినుండి పంటకాలువ, పంటకాలువకు తూము, తూమునకు తలుపు; ఇన్ని దాటినగాని నీరు చేను చేరదు. తలుపు మూసియున్నచో ఎగువను ఎంత నీరున్నను దిగువ నారుమడి ఎండవలసినదే. 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశం బరాజు వచ్చిన తరువాతను, ఈ ప్రాంతపు పల్లెలలో జరిగిన తగవులను లెక్కించినచో వానిలో ఈ తలుపుల వాటా తక్కువేమియు కాదు.

వైద్యశాస్త్రములో సరిగా ఇట్టి చిక్కే ఒకటి కలదు. మెదడునకు శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకు కొందరు రోగులకు తిరిగి జ్వరము తగులును. మెడ బిగుసుకొనును; తలనొప్పి హెచ్చును; నిన్న బంధువులను పేరుపెట్టి పిలిచినవాడు నేడు మగతలోనికి జారును. మెదడును కప్పియుండు పొరలకు సూక్ష్మక్రిములు సోకి చీముపట్టుట దీనికి కారణము. దీనినే వైద్యులు మెనింజైటిస్ అందురు. ఆ క్రిమిని చంపగల మందు రోగి రక్తములో సమృద్ధిగా నుండవచ్చును. పరీక్షాశాలలోని గాజుపళ్లెరములో ఆ మందు ఆ క్రిమిని నిశ్శేషముగా చంపవచ్చును. అయినను రోగి దక్కకపోవచ్చును. ఏలయన రక్తమునకును మెదడునకును నడుమ ఒక తలుపున్నది. ఈ వ్యాధి చికిత్సా చరిత్రను, ఆ తలుపు దాటుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రగా చదువుట మేలని మా యభిప్రాయము.

తలుపున్నదని మొదట పసిగట్టినవారు రంగులతో పనిచేసిన జర్మన్ శాస్త్రజ్ఞులు. 1885లో పాల్ ఎర్లిహ్ జంతువుల రక్తములోనికి రంగు నెక్కించి చూచెను. అవయవములన్నియు రంగు పట్టెను. మెదడు మాత్రము ఎప్పటివలెనే నిలిచెను. మెదడునకు ఆ రంగును పట్టుకొను గుణము లేదని ఆయన తలచెను. 1913లో ఎడ్విన్ గోల్డ్‌మన్ రంగును రక్తములోనికి గాక, మెదడు చుట్టునుండు ద్రవములోనికే ఎక్కించెను. ఈసారి మెదడు రంగు పట్టెను. తక్కిన దేహమునకు అది అంటలేదు. లోపము మెదడులో లేదనియు, అడ్డు దారిలోనే యున్నదనియు దానితో తేలినది.

ఆ ద్రవము గూర్చి కొంత చెప్పవలసియున్నది. మెదడును వెన్నుపామును ఒక తేటనీటిలో తేలుచుండును. పెద్దవారిలో ఆ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. దినమునకు దాదాపు 500 మిల్లీలీటర్లు ఊరి, తిరిగి రక్తములో కలిసిపోవుచుండును. అనగా దినమునకు మూడుసార్లకు పైగా ఈ కాలువ నీరు మారుచున్నదన్నమాట. 1891లో హైన్‌రిహ్ క్వింకె నడుము ఎముకల నడుమ సూదిని దింపి ఈ నీటిని తీయు పద్ధతిని ప్రకటించెను. సూదినుండి నీరు తేటగా జారినచో వైద్యుని మనస్సు కుదుటపడును. బియ్యము కడిగిన నీటివలె వచ్చినచో ఆ వార్డులో ఆ రాత్రి ఎవరికిని నిద్ర యుండదు.

మెదడు శస్త్రచికిత్స యైన రోగి విషయమున ఈ పరీక్షయు అంత సులభముగా తీర్పు చెప్పదు. కోతవలన కొంత రక్తము ఆ నీటిలో కలియును. క్రిమి ఒక్కటియు లేకున్నను, ఆ రక్తపు ఒరపిడికే పొరలు వాచి, జ్వరము వచ్చి, తెల్లకణములు పెరుగుట కలదు. రెంటికిని లక్షణములు దాదాపు ఒక్కటే. ఒకదానికి మందు గంటలలో పడవలెను. రెండవదానికి ఆ మందే అక్కరలేదు. నేటికిని తలపండిన వైద్యులను తికమకపెట్టు సమస్య యిది.

యాంటీబయాటిక్ మందులు పుట్టకముందు శస్త్రచికిత్సకుని చేతిలోని యాయుధము శుభ్రత యొక్కటే. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అమెరికాలో హార్వే కుషింగ్ గంటలకొలది నెమ్మదిగా పనిచేయుచు, చిన్న రక్తనాళమునైనను వదలక కట్టివేయుచు, పొరమీద పొరను కుట్టి మూయుచు మెదడు శస్త్రచికిత్సను ఒక ప్రత్యేకశాస్త్రముగా నిలబెట్టెను. చీము పట్టనీయకుండుటయే ఆయన వైద్యము. పట్టిన తరువాత చేయదగినది ఇంచుమించు లేకుండెను.

1935లో ప్రకటింపబడిన ప్రాంటోసిల్‌తో సల్ఫా మందుల యుగము మొదలాయెను. 1938 నాటికి వచ్చిన ఎమ్ అండ్ బి 693 బిళ్లల పేరు మన ప్రాంతపు పాతతరమువారికి కూడ తెలిసినదే. సల్ఫా మందులకు ఒక సుగుణము కలదు. అవి తలుపును చక్కగా దాటును. అంటువ్యాధిగా వ్యాపించు మెనింజైటిస్‌లో అవి అసంఖ్యాకుల ప్రాణములు నిలిపినవి. కాని చీము గట్టిగా పట్టినచోట వాని బలము సన్నగిల్లును. శస్త్రచికిత్స గాయముద్వారా లోపలికి పోవు స్టాఫిలోకాకస్ చీమునే ఆశ్రయించి బ్రతుకు జాతి. అందుచేత ఆ యుగములో శస్త్రచికిత్సానంతర రోగికి కలిగిన మేలు స్వల్పము.

పెన్సిలిన్ కథ అందరెరిగినదే కనుక దానిని విస్తరింపము. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూచినది, 1940 ప్రాంతమున ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, వారి సహచరులు మందుగా మార్చినది. మన కథకు కావలసిన ఘట్టము 1942 ఆగస్టులో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో జరిగినది. ఫ్లెమింగునకు తెలిసిన యొకనికి స్ట్రెప్టోకాకస్ మెనింజైటిస్ సోకెను. ఫ్లోరీ పంపిన పెన్సిలినును కండరములలోనికి ఎక్కించిరి. రోగి కొంత తేరుకొనెను గాని పూర్తిగా కాదు. వెన్నునీటిని పరీక్షింపగా దానిలో పెన్సిలిన్ జాడ లేదు. అప్పుడు ఫ్లెమింగ్ సాహసించి మందును వెన్నుపాము చుట్టునున్న నీటిలోనికే సూటిగా ఎక్కించెను. రోగి బ్రతికెను. తలుపు తెరచుకొననిచో గోడ దూకవచ్చునని ఆనాడు తెలిసినది.

గోడ దూకుటలో ప్రమాదమును ఉన్నది. పెన్సిలిన్ మెదడు ఉపరితలమునకు నేరుగా, హెచ్చు మోతాదులో తగిలినచో మూర్ఛలు తెప్పించునని 1945 నాటికే వైద్యులు కనుగొనిరి. ప్రాణము పోయు మందే ఒక గడపకు ఇవతల అమృతము, అవతల విషము. అందుచేత మెల్లగా రెండవ మార్గము ఆచరణలోనికి వచ్చెను. తలుపు పూర్తిగా మూసియుండదు. పొరలు వాచియున్నప్పుడు అది కొంత సడలును. రక్తములోనికి చాల హెచ్చు మోతాదులో మందు నెక్కించినచో సందులనుండి చాలినంత లోపలికి చేరును. ఇందులో ఒక మెలిక యున్నది. రోగి కోలుకొన్నకొలది వాపు తగ్గును. వాపు తగ్గినకొలది తలుపు మరల బిగుసుకొనును. కనుక రోగి లేచి కూర్చుండెను గదా యని మోతాదు తగ్గించుట తగదు. ‘జ్వరము పోయినది, ఇంకను ఇన్ని సూదులెందుకు?’ అని బంధువులు వైద్యుని అడుగుట మనమెరిగినదే. సమాధానము ఆ తలుపులోనే యున్నది.

యుద్ధము ఈ విద్యను త్వరపరచెను. 1943లో ఆక్స్‌ఫర్డు శస్త్రచికిత్సకుడు హ్యూ కెయిర్న్స్, ఫ్లోరీతో కలిసి ఉత్తరాఫ్రికా యుద్ధరంగమునకు పోయి, తలకు గాయములైన సైనికులలో పెన్సిలిన్ పనిని పరీక్షించెను. గాయమును శుభ్రపరచి, మూసివేసి, మందును గాయములోనికే ఇచ్చు పద్ధతి యచట గట్టిపడినది. ఈ కెయిర్న్సే 1935లో మోటారుసైకిలు ప్రమాదమున గాయపడిన టి.ఇ. లారెన్సును చూచిన వైద్యులలో ఒకడు. ఆ మరణము ఆయన మనస్సులో నాటుకొనుటచేతనే 1941లో మోటారుసైకిలు తొక్కు సైనికులకు శిరస్త్రాణము అవసరమని లెక్కలతో నిరూపించెను. బెజవాడ బందరురోడ్డుమీద హెల్మెటును పెట్రోలుటాంకుమీద పెట్టుకొని పోవు యువకులకు ఈ సంగతి ఎవరైన చెప్పిన బాగుండును. తల పగలనిచో మెదడునకు కోతయు లేదు. కోత లేనిచో ఈ జ్వరమును లేదు.

ఇక తెలుగువారి వంతునకు వత్తము. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదువునాళ్లలో ఖద్దరు ధరించినందున పెద్ద పట్టము దక్కక, తక్కువ పట్టముతో బయటపడి, 1920ల ఆరంభమున అమెరికా చేరెను. హార్వర్డులో ఆయన ఫిస్కేతో కలిసి కండరపు శక్తికి మూలమైన భాస్వర పదార్థములను వెలికితీసెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయములో ప్రవేశించి, త్వరలోనే దానికి అధిపతి యయ్యెను. బోదకాలునకు హెట్రజాన్, రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము ఆ కార్యాలయమునుండి వచ్చినవే. కాలువగట్లపై దోమలతో సహజీవనము చేయు మన డెల్టాకు బోదకాలు మందు ఎంతటి ఉపకారమో వేరుగా చెప్పవలెనా?

ఆయన నాయకత్వముననే వృద్ధుడైన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ దేశము నలుమూలలనుండి తెప్పించిన మట్టిని జల్లెడపట్టి, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి బంగారువన్నె బూజువంటి జీవిని, దానినుండి ఆరియోమైసినును సాధించెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు ఇది పెద్దబిడ్డ. 1948 జూలైలో లోకమునకు ప్రకటించిరి. మరుసటి నెలలో సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసెను. అదే సంవత్సరము డిసెంబరు 1న విజయవాడ రేడియోకేంద్రము ఆరంభమైనది. తన భాషలో తన పేరు గాలిలో వినిపించు భాగ్యము ఆయనకు కొన్ని మాసములలో తప్పిపోయినదని తలచినప్పుడు మాకు కష్టముగ తోచును.

అభిమానముకొలది అబద్ధమాడరాదు. ఆరియోమైసిన్ ఎన్ని వ్యాధులను మాన్పినను మెదడు తలుపును బాగుగా దాటలేదు. ఆ పనిలో దానిని మించినది క్లోరోమైసెటిన్. వెనిజులా దేశపు మట్టినుండి 1947లో పుట్టి, 1949లో కృత్రిమముగా తయారైన ఈ మందు మన గ్రామములలో టైఫాయిడునకు పేరెన్నికగన్నది. వాపు లేనప్పుడు కూడ అది తలుపును దాటగలదు. అందుచే చాలకాలము మెదడు వైద్యుల సంచిలో అది ముఖ్యమైన మందుగా నిలిచినది. దానికిని రెండు లోపములు కలవు. అరుదుగానైనను అది ఎముకలలోని రక్తపు ఊటను ఎండగట్టి ప్రాణము తీయును. ఇది 1950ల ఆరంభముననే బయటపడినది. మరియు కొన్ని క్రిముల విషయమున అది వృద్ధిని ఆపునేగాని చంపదు. తక్కినచోట్ల ఆగిన క్రిమిని దేహమే కబళించును. మెదడునీటిలో దేహమునకు అంతటి కాపలాబలము లేదు.

ఈ మందులు వచ్చుచున్న దినములలోనే మెదడు శస్త్రచికిత్స దక్షిణదేశమునకు వచ్చినది. 1949లో రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో జేకబ్ చాండీ, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి ఈ శాఖలను నెలకొల్పిరి. ఆంధ్రమున విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలో 1950లలోనే బాలపరమేశ్వరరావు దీనికి పునాది వేసెను. అంతకుముందు కృష్ణాతీరమున తలలో గడ్డ యున్నదని తేలిన రోగికి చికిత్స యనిన దూరప్రయాణమే. పెన్సిలిన్ కూడ మొదట ఓడలలో రావలసినదే. 1954లో పూనా చెంత పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ స్థాపితమైన తరువాత స్వదేశమున తయారీ సాధ్యమైనది. విజయవాడలో సిద్ధార్థ వైద్యకళాశాల 1980లో వచ్చినది. నేడు నగరములోని పెక్కు ఆసుపత్రులలో తల తెరచి మూయుట దినచర్య. కోతలు పెరిగినకొలది కోతవెంట వచ్చు జ్వరమును పెరుగుట సహజము.

1960 తరువాత శత్రువు మారెను. స్టాఫిలోకాకసునకు మందులుండగా, గ్రామ్ రంగు పట్టని కడ్డీవంటి క్రిములు ముందుకు వచ్చినవి. వీనికి రెండు పొరల కవచముండును. ఆసుపత్రి నీటితొట్లలో, గొట్టములలో, పనిచేయువారి చేతులమీద ఇవి కాపురముండును. 1963లో వెలువడిన జెంటామైసిన్ వీనిని చంపును గాని తలుపు దాటదు. మరల గోడ దూకవలసివచ్చెను. అదే సంవత్సరము, అవిభక్త పంజాబులో పుట్టిన అయూబ్ ఒమ్మాయా తలచర్మము క్రింద ఒక చిన్న రబ్బరుబుడగను పెట్టి, దానినుండి సన్నని గొట్టమును మెదడులోని నీటిగదిలోనికి దింపు ఉపాయమును ప్రకటించెను. ప్రతిదినము వెన్నులో సూది దింపు బాధ లేక, బుడగలోనికి మందు నెక్కించిన చాలును. 1980 ప్రాంతమున సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ మొదలగు మూడవతరము సెఫలోస్పోరిన్లు వచ్చి, రక్తములోనికి ఎక్కించిననే వాచిన పొరలను దాటి ఈ క్రిములను చంపుటచే గోడ దూకు పని చాలవరకు తగ్గెను. తదుపరి దశకమున మెరోపెనెమ్ తోడయ్యెను. ఆనాటి యువవైద్యులు ఈ జ్వరముతో యుద్ధము ముగిసినదని తలచిన, వారిని తప్పుపట్టలేము.

యుద్ధము ముగియలేదు. నేడు మన దేశపు ఇంటెన్సివ్ కేర్ గదులలో ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా అను క్రిములు సెఫలోస్పోరిన్లకును, మెరోపెనెమునకును లొంగకుండుట సామాన్యమైనది. అట్టి రోగికి వైద్యుడు చేయి చాచు మందు పాలిమిక్సిన్, లేదా దాని తోబుట్టువైన కొలిస్టిన్. ఇవి క్రొత్తవి కావు. పాలిమిక్సినును 1947లో ప్రకటించిన బృందములలో అమెరికన్ సయనమిడ్ కంపెనీవారిది యొకటి. సుబ్బారావు పనిచేసిన లెడర్లీ ఆ కంపెనీదే. మూత్రపిండములకు హానిచేయునని వైద్యులు వీనిని దశాబ్దములపాటు అటకమీద పెట్టిరి. గత్యంతరము లేక మరల దించవలసివచ్చెను. ఇవియు తలుపును సరిగా దాటవు.

లెడర్లీ కథలో మరియొక పుట కలదు. సుబ్బారావు గతించిన తరువాత, 1948 చివర, అచటి థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనువారు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపిరి. పిల్లలు త్వరగా పెరిగినవి. 1950లో ఈ సంగతి పత్రికల కెక్కగానే మేతలో యాంటీబయాటిక్ కలుపుట లోకమంతట వ్యాపారమైనది. కోళ్లఫారములకు, చేపల రొయ్యల చెరువులకు ఆ యలవాటు ప్రాకినది. స్వల్పమోతాదులో నిత్యము మందు తిను జీవి కడుపులోని క్రిములు ఆ మందునకు అలవాటుపడును; ఆ విద్యను తక్కిన క్రిములకు నేర్పును. 2015లో చైనాలో పందులనుండి, కొలిస్టినును నిర్వీర్యము చేయు జన్యువొకటి క్రిమినుండి క్రిమికి చేతులు మారుచున్నట్లు కనుగొనిరి.

ఇది మనకు దూరపు కథ కాదు. కైకలూరునుండి భీమవరము వరకు, కొల్లేటి చుట్టును, ఒకనాటి వరిచేలు నేడు చెరువులు. రొయ్యల పెంపకమున ఆంధ్రప్రదేశమునకు దేశములో అగ్రస్థానము. మన దేశపు రొయ్యలలో క్లోరోమైసెటిన్ మొదలగు మందుల అవశేషములున్నవని ఐరోపా దేశములు సరుకును త్రిప్పిపంపిన సందర్భములు ఈ శతాబ్దపు తొలి యేండ్లనుండి కలవు. సుబ్బారావు పుట్టిన ఊరిచుట్టునే ఈ ప్రశ్న నిలిచియుండుట విచిత్రము. చెరువులవారినే నిందించుట మాత్రము న్యాయము కాదు. జలుబునకు ఖరీదైన యాంటీబయాటిక్ వ్రాయు చీటియు, చీటి లేకయే మందు అమ్ము దుకాణమును, రోగికి రోగికి నడుమ చేతులు కడుగుకొనని ఆసుపత్రియు ఇందులో పెద్ద వాటాదారులు. మందుల కర్మాగారముల మాటయు మరువరాదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో శుద్ధిచేసి వదలిన వ్యర్థజలములలో సిప్రోఫ్లోక్సాసిన్ రోగి రక్తములో నుండదగినదానికన్న హెచ్చుగా నున్నదని 2007లో ప్రకటించిరి. 2019 జూలైలో కేంద్రప్రభుత్వము ఆహారమునకై పెంచు జంతువులకు, కోళ్లకు, చేపల రొయ్యల పెంపకమునకు, మేతలకు కొలిస్టిన్ తయారీని, అమ్మకమును నిషేధించినది.

నేడు శస్త్రచికిత్సకు ముందు, చర్మము కోయుటకు గంటలోపల, ఒక్క మోతాదు సెఫాజోలిన్ వంటి మందు నిచ్చెదరు. తలలో గొట్టము పెట్టినచో దానిని అవసరము తీరినవెంటనే తీసివేయుదురు. గొట్టమున్న దినములు పెరిగినకొలది క్రిమికి దారి పెరుగును. ఇన్ని జాగ్రత్తలను మించి మొండిక్రిమి సోకినప్పుడు వైద్యుడు ఫ్లెమింగ్ నాటి మార్గమునకే మరలును. రక్తములోనికి ఎక్కించు కొలిస్టిన్ చాలనందున, నీటిగదిలోని గొట్టముద్వారా కొద్ది మోతాదును నేరుగా మెదడునీటిలోనికి పంపును. పంపినవెంటనే గొట్టపు బిరడాను మూసి, గడియారము చూచుకొని, కొంతసేపు అట్లే యుంచును. తెరచియుంచినచో ఎక్కించిన మందు ఎక్కించినట్లే సంచిలోనికి జారిపోవును. చాలసేపు మూసియుంచినచో నీరు నిలిచి మెదడుమీద ఒత్తిడి పెరుగును. ఆ నడిమి నిమిషములలో మంచము ప్రక్కన నర్సు నిలుచుండి రోగి కనుపాపలను చూచుచుండును.